దెబ్బల చదువు

నేను కబేళాలో సుత్తి పనివాణ్ణి. గొడ్డు ఇనప చట్రంలోకి వస్తుంది, మెడ బిగుస్తుంది, నుదుటి మీద ఒక్క దెబ్బ వేస్తాను. రెండో దెబ్బ వెయ్యాల్సి వస్తే ఆ రోజు నా చెయ్యి సరిగ్గా లేదన్నమాట. ఇరవై ఏళ్ళుగా ఇదే పని. మధ్యలో రెండేళ్ళు జైల్లో ఉన్నాను, మా సూపర్‌వైజరు దవడ విరగ్గొట్టినందుకు.

వాడు నా భార్యను చంపాడు, ఎనిమిదేళ్ళయింది. ఆమె మా దగ్గరే ప్యాకింగులో చేసేది. ఆ మధ్యాహ్నం కేకలు విని పరిగెత్తేసరికి చల్లగది మెట్ల కింద పడివుంది. పైమెట్టు మీద వాడు, చేతిలో కొక్కేలు లాగే ఇనప రాడ్డు. ఆస్పత్రి వాళ్ళు మెట్ల మీంచి పడిందని రాశారు. మర్నాడు గేటు దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. మూడు గుద్దులు. మూడోదానికి దవడ చేతికి మెత్తగా తగిలింది. వాడు రాడ్డుతో కొట్టడం కళ్ళారా చూశానని కోర్టులో ప్రమాణం చేసి చెప్పాను. వాడికి శిక్ష పడలేదు, కానీ ఉద్యోగం పోయింది, పరువు పోయింది. ఇప్పటికీ ఏదైనా నమిలి తినలేడట. నాకు చాలదు.

మొన్న కూతురు కాలేజీ నుంచి ఒక ఫారం తెచ్చింది.

"నేను చదవాలనుకున్నది ఏ శాఖలోనూ లేదు నాన్నా. అలాంటప్పుడు మనమే కోర్సు తయారుచేసుకోవచ్చట. ఎముకలు వైద్యం వాళ్ళ దగ్గర, బరువూ వేగమూ ఇంజనీరింగులో, సాక్ష్యం సంగతి లా వాళ్ళ దగ్గర. మూడూ కలిపి ఒక్క డిగ్రీ."

"మూడు పడవల మీద కాళ్ళు పెడతానంటావు. నీకున్నవి రెండేగా."

"మూడోది నువ్వు పెట్టు. ముగ్గురు లెక్చరర్లు సంతకం చేశారు. బయట ఆ పని చేసి బతికేవాడి సంతకం కూడా కావాలట. నమూనాగా ఒక పరిశీలన రాసివ్వాలి. సోమవారం లోపల ఇవ్వకపోతే ఏ శాఖలో ఖాళీ ఉంటే అందులో పడేస్తారు."

"ఏం పేరు పెట్టావు దానికి?"

"దెబ్బ."

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ పేరు మాత్రం నాకు నచ్చింది.

ఆదివారం కబేళా వెనక షెడ్డులో పదమూడు గొడ్డు తలలు వరసగా పెట్టాను. కూతురు పుస్తకం పట్టుకుని పక్కన నిలబడింది. ఆరింటిని కొక్కేలు లాగే రాడ్డుతో కొట్టాను. కళ్ళు బయటికొచ్చాయి, పళ్ళు ఎగిరి రేకు గోడకు తగిలాయి, నాలుక తెగి నా బూటు మీద పడింది. ప్రతి దెబ్బకూ ఆ దవడే కనబడింది. ఎప్పుడూ లేనంత హాయిగా ఉంది. మరో ఆరింటిని షెడ్డు కప్పు మీంచి సిమెంటు గచ్చు మీదికి విసిరాను. తర్వాత తోలు వలిచి ఎముక చూపించాను. రాడ్డు తగిలినచోట గుంట, లోపలికి దిగిన పెంకులు. గచ్చు తగిలినవాటికి గుంట లేదు, పొడుగ్గా ఒక్క పగులు.

"పొరపడే వీల్లేదా?" అంది రాసుకుంటూ.

"నేను పొరపడను."

అప్పుడు సంచీలోంచి ఎక్స్‌రే తీసి కిటికీకి ఆనించింది.

"అమ్మది. కూతుర్నంటే ఆస్పత్రిలో ఇచ్చారు."

తల వెనక పొడుగ్గా ఒక్క పగులు. గుంట లేదు.

 రాడ్డు ఎప్పుడెత్తానో తెలియదు. అది కూతురి తల మీదకి లేచివుంది. ఆమె కదల్లేదు. నా మొహం చూడలేదు. నా మోచెయ్యి చూస్తోంది.

"అంత వెనక్కి తీసి వేస్తే గుంట పడుతుంది నాన్నా," అంది.

రాడ్డు దించాను.

"తోసుంటాడు వాడు."

"తోసుండొచ్చు. తనే జారుండొచ్చు. ఎముక అది చెప్పదు. అందుకే మూడో శాఖ, సాక్ష్యం." పుస్తకం మూసింది. "వాడు కొట్టడం నువ్వు చూశావా?"

ఎనిమిదేళ్ళలో ఆ మాట మొదటిసారి అడిగింది.

"రాడ్డు చూశాను."

"కొట్టడం?"

"లేదు."

పుస్తకం తెరిచి ఆ మాట కూడా రాసింది. కింద సంతకానికి గీత గీసి, ఆ కాగితం విడదీసి నాకిచ్చింది.

"ఇది బయటికొస్తే వాడు కోర్టుకెక్కుతాడు," అన్నాను. "దొంగసాక్ష్యమని నన్ను మళ్ళీ లోపలేస్తారు. తెలుసా?"

"తెలుసు."

"నీ డిగ్రీ కోసమా?"

"ఆ ఒక్క మాటా తీసేస్తే ఇది నమూనా కాదు నాన్నా. నువ్వు కోర్టులో చెప్పినట్టే ఉంటుంది. ఇష్టం లేకపోతే పెట్టొద్దు. ఖాళీ ఉన్న శాఖలో చేరతాను."

తల్లి నోరే వచ్చింది. 

సంతకం పెట్టాను. కాగితానికి నెత్తురంటింది. ఇంకోటి రాసుకురమ్మన్నాను. ఫరవాలేదంది. మడిచి సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. థాంక్స్ చెప్పలేదు. చెప్పివుంటే ఆ కాగితం చింపేసేవాణ్ణి.

వాణ్ణి నేను క్షమించలేదు. తోశాడో లేదో ఎముకకు తెలియకపోవచ్చు, వాడు ఆ పైమెట్టు మీద ఉండటమే నాకు చాలు. కూతుర్ని కూడా క్షమించలేదు.

పదమూడో తల మిగిలింది. సుత్తి తీసుకున్నాను. నుదురు చూసుకుని, నిలబడాల్సినట్టే నిలబడి వేశాను.

రెండో దెబ్బ వెయ్యాల్సి వచ్చింది.