కడుపులో గుమ్మడి గింజ

నా నోరు మూయించే మొనగాడు ఈ భూమ్మీద పుట్టలేదని మా ఆయన అంటుండేవాడు. పుట్టింది. నాలుగేళ్ల పిల్ల. గుప్పెడంత ఉంటుంది కాబట్టి బళ్లో అందరం దాన్ని పిచ్చుకా అనే పిలుస్తాం.

ఆ చిన్నపిల్లల బడికి వంట నాదే, వంటింటి వెనక కూరగాయల మళ్లూ నావే. పిల్లలందరికీ నేను పెద్దమ్మని. పిల్లలు తాము పెంచిన కాయ తామే తింటే కూరలంటే మొహం తిప్పుకోరని మా టీచరమ్మ నమ్మకం. ఆ నమ్మకాన్ని నిలబెట్టేవి మాత్రం నా కథలే. క్యారెట్ తిన్న కుందేలు చీకట్లో సూదిలోకి దారం ఎక్కించిందని చెప్పానంటే, కంచాలు కడగక్కర్లేకుండా నాకి పెట్టేవాళ్లు.

ఆ సోమవారం ఇద్దరం చెరో పాఠం చెప్పాం. పొద్దున టీచరమ్మ పిల్లలతో గుమ్మడి గింజలు నాటించి, "గింజ మొలవాలంటే ఏం కావాలి?" అంది. "నీళ్లు! ఎండ!" అని అందరూ ఒకటే అరుపు. మధ్యాహ్నం కూర వడ్డిస్తూ, గింజలు మింగొద్దని మా చిన్నాన్న కథ ఎత్తుకున్నాను. మా చిన్నాన్న గింజ మింగాడనీ, చెవిలోంచి తీగ వచ్చిందనీ, పెళ్లినాటికి దానికి రెండు కాయలు కాస్తే ఒకటి భుజాన, ఒకటి వీపున మోసుకుంటూ తిరిగాడనీ చెప్పాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. పిచ్చుక నవ్విందో లేదో నేను చూడలేదు.

మర్నాడు పిచ్చుక కిటికీ పక్క కూర్చోనంది. బల్ల కిందికి దూరింది. మళ్లలోకి రమ్మంటే, "ఎండొద్దు" అంది. పదకొండింటికి బల్ల కిందినుంచి చప్పుడు లేకపోతే వంగి చూశాను. కళ్లు తేలేసి ఉంది. పెదాలు ఎండిన బెరడులా ఉన్నాయి.

ఎత్తుకుని పరిగెత్తాను, నా వెనకే టీచరమ్మ. రెండు వీధుల అవతలే క్లినిక్కు. వాళ్లమ్మ బట్టలు కుడుతున్నదల్లా కబురందగానే మెడలో టేపుతోనే వచ్చిపడింది.

"నిన్న మధ్యాహ్నం నుంచి చుక్క ముట్టలేదండీ. పాలిస్తే పారబోసింది. మొండికేసిందనుకున్నా."

డాక్టరు పిల్ల పొట్టమీద చర్మం పట్టి వదిలాడు. ముడత ముడతలాగే నిలబడింది. "ఒంట్లో నీళ్లింకిపోయాయి," అన్నాడు.

నర్సు సెలైన్ సీసా వేలాడదీసింది. దాన్ని చూడగానే, అప్పటిదాకా వాలిపోయిన పిల్ల ఉలిక్కిపడి లేచింది.

"నీళ్లు పొయ్యొద్దు! వచ్చేస్తుంది! పొయ్యొద్దు!"

ఆ పెనుగులాటలో రెండుసార్లు పొడిచినా నరం దొరకలేదు. డాక్టరు గడియారం చూశాడు. "అరగంట చూస్తాను. నోటితో కొంచెం కొంచెంగా తాగిందా, సరే. లేదంటే అంబులెన్సులో పెద్దాసుపత్రికే."

"ఏం వస్తుందే తల్లీ?" అని అడిగింది వాళ్లమ్మ.

పిచ్చుక రెండు చేతులతో చెవులు మూసుకుంది. "తీగ. నిన్న గింజ మింగేశా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. టీచరమ్మ నావైపు చూసి తల దించుకుంది. నేనూ నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. ఒక్క క్షణం ఆ ఆశ కూడా పుట్టింది.

"నేనే చెప్పానమ్మా," అన్నాను. "గింజ మింగితే మొలుస్తుందని."

"నీ నోట్లో మన్నుపడ! నా బిడ్డకేమన్నా అయిందో, నిన్ను నిలువునా పాతేస్తా!"

"పాతెయ్యి తల్లీ. ముందు దాన్ని తాగనీ."

డాక్టరు మంచం పక్కన కూర్చున్నాడు. "పాపా, కడుపులో మొక్కలు మొలవవు."

"నీకు తెలీదు. పెద్దమ్మ చూసింది," అంది పిచ్చుక.

నేను గ్లాసు తీసుకుని దగ్గరికెళ్లాను. "మా చిన్నాన్నకి తీగా లేదు, గీగా లేదే. అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు చెప్తున్నావు అబద్ధం. నీళ్లు తాగాలని."

ఏప్రన్ జేబులో నాటగా మిగిలిన గింజలున్నాయి. దాని కళ్లముందే అయిదు మింగి, గ్లాసెడు నీళ్లు గటగటా తాగేశాను. "చూడు. ఏమైంది? ఏం కాలేదు."

పిచ్చుక అనుమానంగా నా పొట్టకి చెవి ఆనించింది. నా పాడు పొట్ట ఆ క్షణంలోనే గుడగుడమంది.

"మొలుస్తోంది!" అని కెవ్వుమని వాళ్లమ్మ ఒళ్లో దూరింది. ఆ కేకతో ఉన్న కాస్త ఓపికా అయిపోయినట్టుంది, మళ్లీ వాలిపోయింది. డాక్టరు ఫోను దగ్గరికి నడిచాడు.

గ్లాసు మళ్లీ నింపాను. ఏం చెప్పాలో తోచలేదు. నాకు! మాటలు తోచకపోవడం నాకు!

పిచ్చుకే గొణిగింది. "పెద్దమ్మా. చిక్కుళ్లు తింటే ఏనుగుని ఎత్తొచ్చన్నావు."

వెనకనుంచి టీచరమ్మ వద్దన్నట్టు తల ఊపింది. ఆ ఒక్క మాట మీదే బళ్లో ఇరవైమంది చిక్కుళ్లు తింటున్నారు.

"అదీ అబద్ధమే," అన్నాను.

"పాలకూర తింటే జుట్టు మోకాళ్లదాకా వస్తుందని?"

"అదీను."

దాని కళ్లు చెమ్మగిల్లలేదు. చెమ్మగిల్లడానికి ఒంట్లో నీళ్లేవీ? పెదవి మాత్రం వణికింది. "మరి ఏది నిజం?"

వెతుక్కున్నాను. ఇన్నేళ్ల కబుర్లలో ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

"నాకిప్పుడు చచ్చేంత భయమేస్తోందే," అన్నాను. "అది నిజం."

పిచ్చుక నా మొహం చూడలేదు, నా చెయ్యి చూసింది. గ్లాసులో నీళ్లు తొణికి మంచం మీద పడుతున్నాయి. ఫోనులో డాక్టరు వీధి పేరు చెప్పడం వినబడుతోంది.

"నాకూ," అని వేలు చాపి గ్లాసు అంచు ముట్టుకుంది.

వాళ్లమ్మ దాని తల ఎత్తి పట్టుకుంది. ఒక గుక్క. ఆగింది. కళ్లు గట్టిగా మూసుకుని, తల నావైపు తిప్పింది.

"చెవిలో చూడు."

వంగి చూశాను. ఇటూ చూశాను, అటూ చూశాను.

"ఏమీ లేదు," అన్నాను. అంతే అన్నాను. ఇంకో మాట కలపలేదు.

పిచ్చుక కళ్లు తెరిచి, ఇంకో గుక్క తాగింది.