కూర్మమ్మ బడికి, యూనిఫాం ఇంటర్వ్యూకి

మలేషియాలోని ఇపో ఊళ్ళో పొద్దున్న ఆరున్నరకి కూర్మమ్మ ఇంట్లోంచి ఇద్దరు బయలుదేరేవారు. పుస్తకాల సంచీ తగిలించుకుని కూర్మమ్మ బడికి, ఫైలు చంకన పెట్టుకుని ఆవిడ పాత యూనిఫాం ఉద్యోగం వెతకడానికి. యూనిఫాం లోపల ఎవరూ ఉండేవారు కాదు. వీధి మలుపులో టీకొట్టు దొరసామి ఇద్దరికీ చెయ్యూపేవాడు.

"ఏటి కూర్మమ్మా, పరీక్షెప్పుడు?" అని ఆవిణ్ణి అడిగి, యూనిఫాం వైపు తిరిగి, మాట చివర అక్కడి అలవాటు "లా" తగిలించి, "ఇయ్యాల ఏ పక్కకి లా? వాన పడతాది, గొడుగు అట్టుకెళ్ళు" అనేవాడు.

కూర్మమ్మంటే మాటలా! పంతొమ్మిదేళ్ళు గ్లౌజుల ఫ్యాక్టరీలో నిలబడిన మనిషి. లైను మీద పింగాణీ చేతులు వరసగా వస్తుంటాయి. వాటికంటుకున్న రబ్బరు గ్లౌజుని వేడివేడిగా ఊడలాగాలి. ఆవిడ ఊడలాగినవన్నీ ఒకదానికొకటి ముడేస్తే ఇపోలో మొదలై చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడో చుట్టు తిరిగి, మళ్ళీ ఇపో బస్టాండుకి వస్తాయి. అనుమానమున్నవాళ్ళు ముడేసి చూసుకోవచ్చు. ఆ వేడికి కారిన చెమట ఎండి, ఉప్పు పేరుకుని, మెడ నుంచి మడమల దాకా ఒకే ముక్కగా కుట్టిన ఆ నీలం యూనిఫాం దానంతటది నిలబడడం పదో ఏటే నేర్చుకుంది. నడక పదిహేనో ఏట వచ్చింది.

ఈ ఏడు ఆర్డర్లు తగ్గాయి. మేనేజరు ముగిలన్ ఓ సోమవారం కూర్మమ్మని పిలిచి రేపట్నుంచి రావద్దన్నాడు. కాయితం తర్వాత పంపిస్తానన్నాడు, పంపలేదు. అయినా జీతంలోంచి నెలనెలా కోసిన బీమా ఉంది కదా, ఆ బీమా ఆఫీసు కూర్మమ్మ మాట నమ్మి ఆర్నెల్లు నిరుద్యోగ భత్యం ఇస్తానంది. వారం వారం ఉద్యోగం అడిగినట్టు రుజువు తేవాలి, అంతే. ఆ భత్యంతో కూర్మమ్మ బాయిలర్ నడిపే కోర్సులో చేరింది. సర్టిఫికెట్టున్న మనిషి లేందే బాయిలర్ వెలిగించకూడదు. ఆ మనిషి తనే కావాలని ఆవిడ పంతం. కానీ క్లాసు పొద్దున్నించి సాయంత్రం దాకా. మరి ఉద్యోగం ఎవరడుగుతారు?

యూనిఫాం మేకు మీంచి దిగింది.

పద్నాలుగు ఫ్యాక్టరీలు తిరిగింది. "ఓవర్‌టైం చేస్తావా?" అంటే మాట్లాడదు. "సెలవులడుగుతావా?" అంటే మాట్లాడదు. ఇలాంటి మనిషి మళ్ళీ దొరకదని ఇంటర్వ్యూ చేసినవాళ్ళు మురిసిపోయి, ఆనక ఫైల్లో వయసు చూసి, కబురు చేస్తామని చీటీ రాసి ముద్ర గుద్దేవారు. సాయంత్రానికి చీటీ కూర్మమ్మ చేతిలో ఉండేది.

ఇదంతా ముగిలన్ చెవిన పడింది. లైను మీద గ్లౌజులు పీకిన మనిషి రేపు బాయిలర్ రూములో కుర్చీ వేసుకు కూర్చుంటుందా అని అతని కడుపు మండింది. బీమా ఆఫీసుకి ఉత్తరం రాశాడు: ఈమెని మేం తీసెయ్యలేదు, చదువుకోసం తనే ఇష్టపడి మానేసింది. తమంతట తాము మానేసినవాళ్ళకి భత్యం లేదు.

ఆఫీసులో వాసుకి అనే అమ్మాయి ఫైలు తిరగేసింది. "ఆంటీ, మేమే తీసేశామని ఆయన సంతకంతో శుక్రవారంలోగా కాయితం తెండి. లేపోతే భత్యం ఆగిపోద్ది. నా సేతిలో ఏం లేదు."

పరీక్ష మూడు వారాల్లో ఉంది. భత్యం ఆగితే కోర్సూ ఆగినట్టే.

కూర్మమ్మ ఏడవలేదు. ఇంటికెళ్ళి యూనిఫాంని ఇస్త్రీ చేసింది. ఆ పూట ఇస్త్రీపెట్టె కింద లేచిన ఆవిరితో పినాంగ్ దాకా రైలు నడిపించొచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ ఫ్యాక్టరీకి వెళ్ళారు.

"కాయితం రాసియ్యి ముగిలనూ. నన్ను తీసేసినోడివి నువ్వు."

"ఎవులు సూసినారు?" ముగిలన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "బడికెల్తన్నావంట. పలక కొనిమ్మంటావా అక్కా?"

"పలకొద్దు. సంతకం సాలు."

"ఈ వయసులో బాయిలరా! మీ ఆయన అదురుష్టవంతుడు, ఇది సూడకుండా పోయినాడు."

ముగిలన్ చూపు కూర్మమ్మ పక్కన నిలబడ్డ యూనిఫాం మీద పడింది. "ఇది కంపెనీ సొత్తు. మానేసినోళ్ళు అప్పజెప్పాల, తెలీదా? ఇటు తే."

"తీసుకో బాబూ," అంది కూర్మమ్మ నెమ్మదిగా. "రెండు సేతులా తీసుకో."

ముగిలన్ లేచి కాలరు పట్టాడు. యూనిఫాం జిప్పు కిందిదాకా తెరుచుకుంది. అతని కాళ్ళు దాని కాళ్ళలోకి, చేతులు దాని చేతుల్లోకి దూరాయి, జిప్పు సర్రున గొంతుదాకా లేచింది. ముగిలన్ చిన్న లారీ అంత మనిషి, యూనిఫాం నడుము కొలతేమో కూర్మమ్మది. అయినా పట్టింది. అతని పొట్ట ఎక్కడికి పోయిందో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

కుడి చెయ్యి కలం అందుకుంది. నోరు "వద్దు లా, వద్దు" అంటూనే ఉంది, చెయ్యి రాసుకుపోయింది: కూర్మమ్మని తీసేసింది మేమే, నేను ముందు రాసింది అబద్ధం. కింద సంతకం, తేదీ, ముద్ర.

రెండు గంటల షిఫ్టు సైరన్ మోగింది. యూనిఫాం ముగిలన్‌ని నడిపించుకుంటూ లైను దగ్గరికి తీసుకెళ్ళింది. సూపర్‌వైజరు లోగన్ గడియారం చూసి, "ఒక నిమిషం లేటు" అని పుస్తకంలో రాసుకున్నాడు. పింగాణీ చేతులు వస్తున్నాయి. ముగిలన్ గ్లౌజుని వేళ్ళ కొసల దగ్గర పట్టి లాగాడు, చురుక్కుమని కాలి కెవ్వుమన్నాడు, మళ్ళీ లాగాడు.

మణికట్టు దగ్గర పట్టి లాగితే చెయ్యి కాలదు. కిటికీ అద్దం ఇవతల నిలబడ్డ కూర్మమ్మకి ఆ సంగతి తెలుసు. చెప్పలేదు. పది నిమిషాలు కడుపారా చూసి, కాయితం మడిచి సంచీలో పెట్టుకుని, ఆఫీసు మూసేలోగా వాసుకి చేతికిచ్చింది.

భత్యం ఆగలేదు. యూనిఫాం ముగిలన్ ఒంటి మీదే ఉండిపోయింది కాబట్టి, మిగిలిన వారాల చీటీలు క్లాసు మధ్య విరామంలో పరుగెత్తి తనే తెచ్చుకుంది. పరీక్షలో ఎనభై మంది మగాళ్ళ మధ్య ఒక్కతే ఆడమనిషి. పరీక్షాధికారి ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పి, మిగతా సగం ప్రశ్న కూడా తనే పూరించింది. సర్టిఫికెట్టు చేతికొచ్చిన సాయంత్రం దాన్ని గోడకి కొడుతుండగా ముగిలన్ భార్య పరమేశ్వరి గుమ్మంలో నిలబడింది.

"విప్పనమ్మా," అంది కూర్మమ్మ వెనక్కి తిరక్కుండా. "నువ్వు కాళ్ళట్టుకున్నా విప్పను."

"విప్పమందామని రాలేదు వదినా." పరమేశ్వరి లోపలికొచ్చి కింద కూర్చుంది. "ఇరవై రెండేళ్ళలో ఆ మడిసి నాకన్నా ముందు లేసింది లేదు. ఇప్పుడు నాలుగున్నరకే యూనిఫాం లేపుతాది. బియ్యం కడిగిస్తాది, నాకు కోపి కలిపిస్తాది. మొన్న నా మీద సెయ్యెత్తబోయినాడు." తన మోచెయ్యి తట్టి చూపించింది. "మోసెయ్యి వంగలేదు వదినా."

కూర్మమ్మ సుత్తి కింద పెట్టింది. "మరేటికొచ్చినావు?"

"దాన్నెలా ఉతకాలో అడుగుదామని."

"ఒంటి మీదే ఉతుకు. బ్రష్షుతో రుద్దు. మెడకాడ ఇంకా గట్టిగా."

"బట్టల బ్రష్షా, బాత్రూం బ్రష్షా?"

కూర్మమ్మ మళ్ళీ సుత్తి అందుకుంది.

"రెండూ."