అడగకుండా వేసిన బొమ్మ

ప్రవీణ్ చెరువుల దగ్గర్నుంచి వచ్చేసరికి పొద్దున్న పదకొండు దాటింది. చుట్ట చుట్టిన కేలండరొకటి భోజనాల బల్ల మీద పెట్టి, "నమూనా కాపీ ఒకటే వచ్చిందంట, పెద్దిరాజు ఇచ్చాడు. ఈ ఏడు చాలా బాగా వేయించాడంట, చూడు," అంటూ కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

పెద్దిరాజుకి భీమవరంలో రొయ్యల మేత అమ్మే షాపు ఉంది. చుట్టుపక్కల చెరువులున్న వాళ్ళందరికీ ఏటా డిసెంబరు నెలాఖరులో కేలండర్లు పంచుతాడు. ఏ లక్ష్మీదేవి బొమ్మో ఉంటుందనుకుంటూ ప్రణతి రబ్బరు బ్యాండు తీసి విప్పింది.

అందులో ఉన్నది ఆమె అత్తగారు జానకీదేవి.

ప్రణతి వేసిన బొమ్మే అది. వెనక వసారాలో పీట మీద కూర్చుని, తలంటుకున్న జుట్టు వెదురుబుట్ట మీద ఆరబోసుకుని, కింద నుంచి వచ్చే సాంబ్రాణి పొగకి కళ్ళు మూసుకున్న పెద్దావిడ. నెరిసిన జుట్టు, భుజం మీంచి కొద్దిగా జారిన పైట, మెడ మీద ఇంకా ఆరని తడి. నీటిరంగులతో ఆ పొగని కాయితం మీదికి తేవడానికి ప్రణతి ఎంత తంటాలు పడిందో ఆమెకే తెలుసు. కింద మూలన ఉండాల్సిన తన సంతకం ఇప్పుడు లేదు. ఆ చోట పెద్దిరాజు షాపు పేరూ ఫోన్ నంబరూ ఎర్రగా మెరుస్తున్నాయి.

జానకీదేవి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో రాజుల ఇళ్ళలో ఘోషా గట్టిగా ఉండేది. కారు అద్దాలకి తెరలు వేసేవారు. చుట్టాలింటికి వెళితే దొడ్డిదారినే లోపలికి వెళ్ళాలి. వీధి వసారాలో మగవాళ్ళుంటే ఆడవాళ్ళ గొంతు కూడా వినపడకూడదు. తర్వాత రోజులు మారాయి. ఇప్పుడావిడ గుడికీ పెళ్ళిళ్ళకీ అందరిలాగే వెళ్తోంది. ఫొటో అంటే మాత్రం ఇప్పటికీ మొహం తిప్పేసుకుంటుంది. ప్రవీణ్ పెళ్ళి ఆల్బం అంతా వెతికినా ఆవిడ మొహం తిన్నగా కనపడే ఫొటో ఒక్కటీ లేదు.

ఆ సంగతి తెలిసే ప్రణతి ఆ బొమ్మ వేసింది. వేసి ఊరుకోలేదు, జలవర్ణంలో పెట్టింది.

జలవర్ణం అంటే నీటిరంగులతో బొమ్మలు వేసే తెలుగువాళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టుకున్న గుంపు. రెండేళ్ళ క్రితం ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చినప్పుడు ప్రణతికి అది దొరికింది. అప్పటిదాకా ఆమె బొమ్మలు చూసేవాళ్ళే లేరు. వంటపని అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఎక్కడెక్కడి వాళ్ళో తన బొమ్మ గురించి మాట్లాడుకోవడం కనపడేది. ఆ గుంపుని నడిపేది రాజమండ్రిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైన రత్నమాణిక్యం గారు. ఆవిడ పెట్టిన కట్టుబాట్లు కొద్దివే, కానీ కచ్చితమైనవి. ఫొటో చూసి వేస్తే ఆ మాట చెప్పాలి. అడగనిదే ఎదుటివాళ్ళ బొమ్మలో తప్పులెన్నకూడదు. ఒకరి బొమ్మని గుంపు దాటించాలంటే వేసినవాళ్ళని అడగాలి. బొమ్మలో మనిషి ఉంటే ముందు ఆ మనిషిని అడగాలి.

సాంబ్రాణి బొమ్మ పెట్టిన రోజున రత్నమాణిక్యం గారు విడిగా మెయిలు రాశారు. "చాలా బాగా కుదిరిందమ్మా. ఆవిడని అడిగే పెట్టారు కదా?"

"అడిగానండి," అని ప్రణతి ఒక్క ముక్క రాసి పంపేసింది.

ప్రవీణ్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. కేలండర్ వైపు చూసి ఏదో అనబోయి ఆగిపోయాడు. తువ్వాలు కుర్చీ మీద వేసి దగ్గరగా వంగాడు.

"ఇది అమ్మ కదూ?"

"నేనే వేశానండి."

"పెద్దిరాజుకి నువ్విచ్చావా?"

"లేదండీ. నెట్‌లో పెట్టాను. అక్కణ్ణుంచి ఎవరో తీసుకున్నారు."

"అమ్మకి తెలుసా?"

ప్రణతి తల అడ్డంగా ఊపింది. ప్రవీణ్ అరవలేదు. అరిచి ఉంటే ఆమెకి కాస్త తేలిగ్గా ఉండేది. అతను వెళ్ళి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"రేపు పొద్దున్న షాపు దగ్గర రైతుల మీటింగు పెట్టాడు. ఊళ్ళోవాళ్ళంతా వస్తారు. నాన్నగారు ముందు వరసలో కూర్చుంటారు. అక్కడే పంచుతాడు ఇవి."

"పంచొద్దని ఫోన్ చేసి చెప్పండి."

"ఎందుకంటే ఏం చెప్పను? మా అమ్మ బొమ్మరా అని చెప్పనా? వాడు అమ్మని సరిగ్గా చూసిందే లేదు. ఎవరో పెద్దావిడ అనుకుంటున్నాడు. ఆ మాట వాడి చెవిన వేస్తే సాయంత్రానికి భీమవరమంతా తెలిసిపోద్ది. చెప్పకపోతే రేపు మన పిన్నులూ అత్తలూ కేలండర్ విప్పగానే పోల్చేస్తారు."

ప్రణతి కేలండర్ దగ్గరికి లాక్కుంది. అడుగున సన్నటి అక్షరాల్లో ప్రెస్సు పేరు ఉంది. బుల్లబ్బాయి ఆఫ్‌సెట్, పాలకొల్లు. ఆ పేరు చదవగానే ఆమెకి మనిషి తెలిసిపోయాడు. జలవర్ణంలో ఆమె ఏ బొమ్మ పెట్టినా అందరికంటే ముందు 'అద్భుతం అండి' అని రాసేది ఈ బుల్లబ్బాయే.

"నేను వెళ్ళి ఆ ప్రెస్సువాడి సంగతి చూస్తాను. అమ్మకి మాత్రం తెలియనివ్వకు," అన్నాడు ప్రవీణ్, కారు తాళాలు తీసుకుంటూ.

"ఆగండి. ముందు అత్తయ్యగారికి చెప్పాలి."

"నీకేమన్నా మతిపోయిందా?"

"ఆవిడ బొమ్మ వేసినప్పుడు ఆవిడకి చెప్పలేదు. గుంపులో పెట్టినప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఆపడం కూడా ఆవిడకి తెలీకుండానే చేద్దామా?"

ఆమె కేలండర్ పట్టుకుని వెనక వసారాలోకి నడిచింది.

జానకీదేవి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ప్రణతి కింద కూర్చుని, కేలండర్ విప్పి ఆవిడ ముందు పరిచింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"నా జుట్టు వెనకాల ఇంత పల్చబడిపోయిందా?" అంది చివరికి.

ప్రణతికి ఏడుపొచ్చింది. ఆపుకుని, జరిగిందంతా మొదటి నుంచీ చెప్పింది. రత్నమాణిక్యం గారికి రాసిన అబద్ధం కూడా దాచలేదు.

"అంటే ఈ పాటికి చాలామంది చూసేసి ఉంటారు."

"గుంపులోవాళ్ళంతా చూశారండి."

"మగవాళ్ళు కూడానా?"

"అవునండి."

జానకీదేవి పైట భుజం మీదికి నిండుగా లాక్కుంది. ఆ కదలిక చూసి ప్రణతి తల వంచేసుకుంది. తిట్టినా ఇంత బాధ కలిగేది కాదు.

"అడిగితే వద్దనేదాన్నని నీకు తెలుసు."

"తెలుసండి. అందుకే అడగలేదు."

"బొమ్మ బాగుందమ్మా. బాగుండబట్టే ఇంకా కోపంగా ఉంది నాకు." ఆవిడ చిక్కుడుకాయల చేట పక్కకి జరిపి లేచింది. "చీర మార్చుకొస్తాను. పాలకొల్లు వెళ్దాం."

"మీరెందుకమ్మా? నేను చూసుకుంటాను," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ప్రవీణ్.

"నువ్వు వెళితే కొట్లాటవుద్ది, పదిమందీ పోగవుతారు. నువ్వు కారు తోలు చాలు. మీ నాన్నగారికి నేను చెప్పుకుంటాను."

కారు వీరవాసరం దాటింది. రోడ్డు పక్కన కాలవ నిండుగా పారుతోంది. ప్రణతి కేలండర్ ఒళ్ళో పెట్టుకుని, ప్రెస్సులో ఏం మాట్లాడాలో మనసులో పేర్చుకుంటోంది. బొమ్మ నాది, నన్నడగకుండా అచ్చు వేశారు, ఆపండి. అంతే చెప్పాలి. బొమ్మలో ఉన్నది ఎవరో చెప్పాల్సిన అవసరం రాకూడదు.

"అత్తయ్యగారూ, మీరు కార్లోనే ఉండండి," అంది ప్రెస్సు ముందు ఆగాక.

లోపల సిరా వాసన, మిషను మోత. గోడవారన కేలండర్ల కట్టలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. కట్ట కట్టకీ పైన అదే బొమ్మ. ఎటు చూసినా కళ్ళు మూసుకున్న అత్తగారి మొహమే.

బల్ల వెనకాల ఉన్న నలభై ఏళ్ళ మనిషి ఆమె పేరు వినగానే చటుక్కున లేచాడు. "ప్రణతి గారా! రండి రండి. నేను మీ బొమ్మలకి పెద్ద అభిమానినండి. చూశారా ఎంత బాగా వచ్చిందో? రంగు ఒక్క పిసరు మారలేదు."

"నన్నెందుకు అడగలేదండీ?"

బుల్లబ్బాయి మొహంలో నవ్వు సగం తగ్గింది. "పెద్దిరాజు గారు దేవుడి బొమ్మలు వద్దు, మన ఇళ్ళలో బొమ్మలాంటిది కావాలన్నారండి. మీది గుర్తొచ్చింది. నెట్‌లో ఉన్నదే కదా అని..."

"నా సంతకం చెరిపేశారు."

"బొమ్మ మీద అక్షరాలుంటే కేలండర్‌కి బాగోదండి."

"గుంపు కట్టుబాట్లు మీకూ తెలుసు. వేసినవాళ్ళని అడక్కుండా బయటికి తీసుకెళ్ళకూడదు. ఇవి పంచడానికి వీల్లేదండి. ఆపేయండి."

"ఎలా ఆపుతానండి? సాయంత్రం వ్యాన్ వస్తోంది. రేపు పొద్దున్నే మీటింగు." అతని గొంతు గట్టిపడింది. "అంత పట్టింపు ఉన్నవాళ్ళు నెట్‌లో ఎందుకు పెట్టారండీ? నలుగురూ చూడాలనే కదా పెట్టారు? ఇప్పుడు నలుగురూ చూస్తారు. ఇందులో మీకు పోయిందేంటి?"

ప్రణతి పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. నలుగురూ చూడాలనే పెట్టింది, నిజమే. అప్పుడు వెనకాల కారు తలుపు వేసిన చప్పుడయింది.

జానకీదేవి మెట్లెక్కి లోపలికి వచ్చింది. పైట తల మీదికి కప్పుకోలేదు. మిషను దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్ళు తలెత్తి చూశారు. ఆవిడ వాళ్ళనీ చూసింది, గోడవార కట్టల్నీ చూసింది, వచ్చి ప్రణతి పక్కన నిలబడింది.

బుల్లబ్బాయి ఆవిడ మొహం చూశాడు. కట్ట మీది బొమ్మ చూశాడు. మళ్ళీ ఆవిడని చూశాడు. కుర్రాళ్ళలో ఒకడు వెళ్ళి మిషను ఆపేశాడు.

"నన్ను అడిగావా నాయనా?" అంది జానకీదేవి.

"నిజంగా మనిషి ఉన్నారని నాకు తెలీదండి. ఊహించి వేశారనుకున్నాను." అతను చెమట తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ప్రణతి వైపు తిరిగాడు. "మరి ఈవిడైనా మిమ్మల్ని అడిగే వేశారా అండీ?"

గదిలో అందరూ ప్రణతినే చూస్తున్నారు. అవునని ఒక్క మాట చెబితే గెలుస్తుంది. పక్కన అత్తగారు కదలకుండా నిలబడి ఉంది.

"లేదండి. నేనూ అడగలేదు," అంది ప్రణతి.

"ఆ సంగతి మా ఇంట్లో మేం చూసుకుంటాం," అంది జానకీదేవి. "నువ్వు నీ సంగతి చెప్పు. నా మొహం ఊరందరి గోడలకీ తగిలిస్తావా, ఆపుతావా?"

బుల్లబ్బాయి బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. కుర్రాళ్ళని పిలిచి, కట్టలు విప్పి తారీకుల కాయితాలు విడదీయమన్నాడు. బొమ్మలన్నీ చింపేసి, లక్ష్మీదేవి బొమ్మ పెట్టి మళ్ళీ వేస్తానన్నాడు. రేపటికి అందవని పెద్దిరాజుతో తనే మాట్లాడుకుంటానన్నాడు, మిషను మొరాయించి బొమ్మలు పాడయ్యాయని చెప్పి. కానీ ఒక కట్ట ముందురోజే వెళ్ళిపోయింది. కోరుకొండ దగ్గర పెద్దిరాజు తమ్ముడికి ఇంకో షాపుంది. అక్కడివాళ్ళకి అప్పుడే పంచేసి ఉంటారు.

"అవి వెనక్కి తేలేనండి," అన్నాడు తల దించుకుని.

బొమ్మలన్నీ చింపడం పూర్తయ్యేదాకా జానకీదేవి కుర్చీలో కూర్చుని చూసింది. ప్రణతి కూడా నిలబడి చూసింది. తను వేసిన పొగ, తను వేసిన వెలుగు ముక్కలు ముక్కలుగా నేల మీద పడుతున్నాయి. ఆమె కళ్ళు మాత్రం తిప్పుకోలేదు.

ఆ సాయంత్రమే ఆమె గుంపులోంచి బొమ్మ తీసేసి, జరిగింది జరిగినట్టు అందరికీ రాసింది. బుల్లబ్బాయి మీద ఎంత రాసిందో తన మీదా అంతే రాసింది. కొందరు ఓదార్చారు, కొందరు దెప్పారు. రత్నమాణిక్యం గారు బుల్లబ్బాయిని గుంపులోంచి తీసేశారు. ప్రణతికి ఫోన్ చేసి, "మీ మాట నమ్మి ఊరుకున్నానమ్మా. వేసవి దాకా మీరు ఏ బొమ్మా పెట్టకండి," అన్నారు. ప్రణతి సరేనంది.

ఇంట్లో మాత్రం అంత తొందరగా తేలలేదు. మామగారు త్రినాథరాజు చాలా రోజులు కోడలితో మాట్లాడలేదు. మంచినీళ్ళు కావాలన్నా కొడుకునే అడిగేవాడు. అసలు బొమ్మని జానకీదేవి తీసుకుని తన బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టేసింది. చింపలేదు, ఎవరికీ చూపించనూ లేదు. కోరుకొండ వైపు ఎవరింటి గోడ మీదో ఆవిడ ఏడాది పొడుగునా కళ్ళు మూసుకునే ఉంటుందని తలుచుకున్నప్పుడల్లా ప్రణతికి అన్నం దిగేది కాదు.

ఫిబ్రవరిలో ఒకరోజు జానకీదేవి వసారాలో కూర్చుని పాత చీరలు విప్పి ఎండలో ఆరేస్తోంది. జరీ మీంచి ఎండ ఆవిడ మొహం మీద పడి పచ్చగా మెరిసింది. ప్రణతి చేతులు ఆగలేదు. గదిలోకి వెళ్ళి కాయితం, రంగులు తెచ్చుకుంది. గుమ్మం దగ్గరే ఆగింది.

"అత్తయ్యగారూ, మిమ్మల్ని వేసుకోనా?"

జానకీదేవి చీర మడత దులుపుతూ ఆమె వైపు చూసింది.

"వద్దమ్మా," అంది.

"సరేనండి," అంది ప్రణతి.

ఆ మాట గుచ్చుకుంది గానీ, ఇన్నాళ్ళూ భయపడినంతగా కాదు. ఆమె రంగులు పట్టుకుని చెరువుగట్టు మీదికి వెళ్ళి, నీళ్ళలోకి వంగి ఉన్న పంపు గొట్టాన్ని వేయడం మొదలుపెట్టింది.