చెప్పుల వరస

రాజమండ్రిలోని ఒక డిజైన్ కాలేజీలో మూడో సంవత్సరం పిల్లల చేత చీటీలు తీయించారు. ఒక జట్టుకు గోదావరి వచ్చింది. ఇంకో జట్టుకు నరసాపురం లేసు వచ్చింది. ఈ ముగ్గురికీ వచ్చిన చీటీలో 'క్యూ' అని ఉంది. అంతే. ఒకరి వెనక ఒకరు నిలబడడం. దాని మీద అరగంట మాట్లాడాలి, వినేవాళ్ళు ఆవులించకూడదు.

ముగ్గురంటే వర్షిణి, మణిశంకర్, రెబెక్కా. వర్షిణిది ఊళ్ళోనే ఇల్లు, నోరెక్కువ. మణిశంకర్ కోనసీమ నుంచి వచ్చాడు, బొమ్మలు బాగా వేస్తాడు. రెబెక్కాది తణుకు దగ్గర పల్లె. తెలుగు మీడియంలో చదివి, పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న పిల్ల. ప్రెజెంటేషన్ ఇంగ్లీషులోనే ఇవ్వాలని ఆ కాలేజీలో ఎక్కడా రాసి లేదు. అయినా అందరూ ఇంగ్లీషులోనే దంచుతారు, తెలుగులో చెబితే చదివింది కాస్తా ఊడిపోతుందన్నట్టు. పోయిన రెండుసార్లూ రెబెక్కా లేచి నిలబడింది. నోరు పెగల్లేదు. కూర్చుంది. ఈసారి కూడా నోరు విప్పకపోతే సున్నా వేస్తాననీ, సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందేననీ మార్కులు వేసే ప్రొఫెసర్ పార్థసారథి గారు అందరి ముందే చెప్పేశారు. సెమిస్టర్ పోతే స్కాలర్‌షిప్ పోతుంది. స్కాలర్‌షిప్ పోతే కాలేజీ పోతుంది. వెనక ఆదుకునే ఆస్తులేమీ లేవు ఆ ఇంట్లో.

ముందు వాళ్ళు తయారుచేసింది ఒట్టి చెత్త. జపాన్ క్యూ, లండన్ క్యూ అని ఫొటోలు దింపారు, వాటి మీద బాణాలు గీశారు. రిహార్సల్‌లో వర్షిణి చెబుతూంటే ఆ బాణాలు గీసిన మణిశంకరే కునికాడు.

అప్పుడు రెబెక్కా ఒక మాట చెప్పింది. తమ ఊరి రేషన్ డిపో దగ్గర మనుషులు క్యూలో నిలబడరు, చెప్పులు నిలబడతాయి. వేలిముద్ర మిషన్‌కి సిగ్నల్ వచ్చేదాకా ఎండలో ఎవరు నిలబడతారు? వరసగా చెప్పులు విడిచి గోడ నీడన కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. వరస కదిలినప్పుడు, అక్కడ ఎవరుంటే వాళ్ళు మిగతా వాళ్ళ చెప్పుల్ని కూడా కాలితో ముందుకు జరుపుతారు.

"ఎవరివి ఏవో తెలియక కొట్టుకోరా?" అంది వర్షిణి.

"ఎందుకు కొట్టుకుంటారే? మా అమ్మ చెప్పులు ఊరందరికీ తెలుసు. ఎడమదానికి పిన్నీసు ఉంటుంది."

పరాయివాళ్ళ చెప్పు తగిలిందంటే తన నాయనమ్మ తలస్నానం చేయించేదని మణిశంకర్ నవ్వాడు. డిపో ముందు ఆ లెక్కలు సాగవు. ఏ కులం చెప్పుని ఏ కులం కాలు తోసిందో చూస్తూ కూర్చుంటే బియ్యం అయిపోతాయి.

ముగ్గురూ ఫొటోలన్నీ తీసిపారేశారు. సెమినార్ హాలు బయట వరండాలో సుద్దముక్కతో పొడుగ్గా గీత గీశారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు దాని మీద చెప్పులు విడవాలి, తర్వాత ఎక్కడైనా తిరగొచ్చు. చెప్పుల వరసలోనే మిరపకాయ బజ్జీ, చెప్పుల వరసలోనే ప్రశ్న అడిగే అవకాశం. మొదలు వర్షిణిది, ముగింపు మణిశంకర్‌ది. మధ్యలో రెబెక్కా ఐదు ఇంగ్లీషు వాక్యాలు చెప్పాలి. వారం రోజులు వాటిని బైబిలు వాక్యాల్లా బట్టీ పట్టింది.

ఆ రోజు వరండా జాతరలా ఉంది. కొత్త స్పోర్ట్స్ బూట్లు విడిచినవాడు వాటి పక్కనే కాపలా కూర్చున్నాడు. వాడి బూట్లని వాడు చూస్తూండగానే నలుగురు కాలితో జరిపారు. కాసేపటికి ఎవరూ చెప్పకుండానే అందరూ అందరి చెప్పులూ జరపడం మొదలుపెట్టారు.

అప్పుడు వచ్చారు పార్థసారథి గారు. సంగతేమిటో విన్నారు, తల ఊపారు, బూట్లు విప్పారు, తీసుకెళ్ళి అన్నిటికంటే ముందు పెట్టారు. కావాలని చేసింది కాదు. లిఫ్టులో ముందు ఆయనే, క్యాంటీన్‌లో ముందు ఆయనే. ఆయన దాన్ని వరస తప్పడం అనుకోరు, ఎదుటివాళ్ళూ అనరు. మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. నోరెక్కువని పేరున్న వర్షిణి కూడా గోడకేసి చూసింది.

రెబెక్కా ఆ బూట్లని చూసింది. ఐదు వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"సార్, అక్కడ కాదండి. చివర పెట్టాలండి."

"నేను మార్కులు వెయ్యాలి కదమ్మా. ముందుండకపోతే ఎలాగ?"

"మా డిపో డీలరు గారి బావమరిది కూడా ఇలాగే ఏదోటి చెబుతాడండి. ఆయన చెప్పులూ చివరికే వెళ్తాయండి. మీరే తీసుకెళ్ళండి సార్. మేం కాలితో తోస్తే బాగోదు."

వరండా అంతా గొల్లుమంది. పార్థసారథి గారు వంగి బూట్లు చేత్తో తీసుకుని, ఉత్తకాళ్ళతో చివరిదాకా నడిచారు.

ఇక రెబెక్కా ఆగలేదు. తెలుగులోనే చెప్పింది. గీత పక్కన నడుస్తూ, ఒక్కో జతా చూపిస్తూ చెప్పింది. ఒక పక్కే మడమ అరిగిందంటే రోజూ బరువైన సంచి ఒకే భుజాన మోసే మనిషి. పట్టీ తెగి కుట్టించినదంటే ఇంకో జత లేని మనిషి. వాళ్ళ ఊళ్ళో పెద్దింట్లమ్మ అనే ముసలావిడ రబ్బరు చెప్పులు కనిపిస్తే చాలు, ఆవిడ అడగకుండానే తలా ఒక తోపు తోసి ముందుకి పంపేస్తారు. వరసకు నియమం ఉండాలి, నియమం పెట్టినవాళ్ళకి కళ్ళూ ఉండాలి అంది. అది ఏ పుస్తకంలోంచీ తెచ్చిన మాట కాదు. లోపల హాల్లో తెర మీద మణిశంకర్ వేసిన ముగింపు బొమ్మ అలాగే వెలుగుతోంది. దాన్ని చూడ్డానికి ఎవరూ వెళ్ళలేదు. అతను నిట్టూర్చి బజ్జీలు పంచే పనిలో పడ్డాడు.

ప్రశ్నలూ చెప్పుల వరసలోనే సాగాయి. పార్థసారథి గారి వంతు వచ్చేసరికి పళ్ళెంలో ఉల్లిపాయ ముక్కలే మిగిలాయి. ఆయన వాటినే తింటూ అడిగారు.

"చెప్పులు చూస్తే మనిషి తెలుస్తాడన్నావు. నా బూట్లు చూస్తే ఏం తెలిసింది?"

రెబెక్కా వంగి ఆ బూట్లని చూసింది.

"బూట్లు చూస్తే ఏం తెలియలేదండి, బాగా పాలిష్ పెట్టారు. పెట్టిన చోటు చూస్తే అలవాటు తెలిసిందండి."

పార్థసారథి గారు నవ్వు ఆపుకోవాలని చూశారు, చేతకాలేదు. మొత్తానికి మాట్లాడావు, పాసయ్యావు పో అన్నారు. బూట్లు వేసుకుంటూ, ఆ బావమరిదితో పోలిక మాత్రం ఏమీ బాగోలేదమ్మా అన్నారు.

"ఆయనకి చెప్పినా బాగోలేదనే అంటాడండి" అంది రెబెక్కా.