టైగర్ బతకాలి

"కుక్క బతికుంటే మీ పిల్లకి భయం లేదమ్మా" అన్నాడు చల్లపల్లి డాక్టరు, అఫ్సా ముంజేతి మీది రెండు పంటిగాట్లని సబ్బుతో మళ్లీ కడిగిస్తూ. "పది రోజులు దాన్ని కళ్లలో వత్తులేసుకుని చూడండి. దానికేమీ కాకపోతే పిల్లకీ ఏమీ కాదు. అది చచ్చినా, కనపడకుండా పోయినా మాత్రం బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు తప్పవు."

నజీమా ఒళ్లోని పిల్ల వంక చూసుకుంది. నాలుగేళ్ల పిల్లకి పొట్ట ఎంతుంటుంది? ఆ కాస్త చోటులో పద్నాలుగు సూదులా? దాన్ని మించిన భయం ఇంకోటుంది, అది పైకి అనడానికి కూడా ఆమెకి ధైర్యం చాల్లేదు. చిన్నప్పుడు వాళ్ల సందులో ఒకాయన పిచ్చికుక్క కరిచి పోయాడు. ఆ చావు పగవాడికి కూడా వద్దు.

ఇదంతా ఎవరి నిర్వాకమంటే అచ్చంగా నజీమాదే. మొగుడు రవూఫ్‌కి విజయవాడ వన్ టౌన్‌లో మోటారు పంపుల సామాను కొట్టు. "నాకు ఆ కొట్టు, ఈ ఇల్లు తప్ప ఇంకో లోకమే లేదా?" అని ఆమె పోరగా పోరగా, చల్లపల్లి దగ్గరి పల్లెలో ఉన్న పాత ఖాతాదారు వెంకటప్పయ్య గారింట్లో శని, ఆదివారాలు గడపడానికి తీసుకొచ్చాడు. తొంభై ఏడు ఆగస్టు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే వాన. గడప దాటే వీల్లేక పిల్ల వసారాలో వాళ్ల కుక్కతో ఆటలు మొదలుపెట్టింది. కుక్క పేరు టైగర్. పేరే గాని, మేకపిల్ల తరిమినా పారిపోయే రకం. అలాంటిది, తింటున్న అన్నం పళ్లెం అఫ్సా లాగేసరికి చటుక్కున పట్టేసింది. అది తిండి దగ్గరి కోపమేనా, లేక మొన్న ఊళ్లోకొచ్చిన దేశదిమ్మరి కుక్కతో కలబడ్డప్పుడు అంటుకున్న రోగమా? చెప్పగలిగింది టైగర్ ఒక్కటే, అదీ పది రోజులు బతికి.

ఆటో దిగి వసారా ఎక్కేసరికి వెంకటప్పయ్య భార్య రావమ్మ ఎదురొచ్చి పిల్ల తల నిమిరింది.

"ఇంకేం భయపడకమ్మాయ్. మీ బాబాయి గారు దాన్ని కాలవ గట్టు మీదికి లాక్కెళ్లారు. మీరొచ్చేసరికి దాని పీడ విరగడ చేస్తానన్నారు."

"పీడ విరగడంటే?"

"చంపేస్తారమ్మా. ఇంటికొచ్చిన పిల్లని కరిచిన కుక్కకి మళ్లీ ఏ చేత్తో అన్నం పెడతాం? దుడ్డుకర్ర తీసుకునే వెళ్లారు."

నజీమా పిల్లని రవూఫ్ చేతుల్లోకి తోసేసి వానలోకి దూకింది. "నేనెళ్తా, నువ్వుండు!" అని అతను వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు. ఉండటానికి ఆమె కాళ్లు ఒప్పుకోవాలిగా!

పదో తరగతి తరువాత నజీమా పరిగెత్తిన పాపాన పోలేదు. వన్ టౌన్‌లో తోపుడు బళ్ల మధ్య, ఆటోల మధ్య నడవడానికే సందుండదు, ఇక పరుగొకటా! గట్టు మీది నల్లమట్టి నానిపోయి చెప్పుల్ని పట్టేసుకుంది. చెప్పులు వదిలేసింది. కుచ్చిళ్లు పైకి దోపుకుంది. ఒక పక్క ఎర్రనీళ్లతో కాలవ ఉరకలేస్తోంది, ఇంకో పక్క మడుల్లో వరి మొక్కలు తలలు మాత్రం బయటపెట్టి ఉన్నాయి. ఎండ్రకాయలు కాళ్ల ముందు నుంచి బొరియల్లోకి జారుకుంటున్నాయి. కొంగలు మాత్రం ఎవరి గొడవా తమకి పట్టనట్టు ఒంటికాలి మీద నుంచున్నాయి. వాటి ధీమా చూస్తే నజీమాకి ఒళ్లు మండింది. రెండుసార్లు జారిపడింది. మోచెయ్యి గీసుకుపోయింది. "యా అల్లా, ఆయన చెయ్యి ఆపు. ఆ కర్ర దించకుండా చూడు" అనుకుంటూ మళ్లీ లేచి పరిగెత్తింది. పొద్దున ఆ కుక్క గుమ్మం దాకా వస్తేనే "ఛీ, అవతలికి పో" అని కసిరిన మనిషి, ఇప్పుడు దాని ప్రాణం కోసం దువా చేస్తోంది.

తుమ్మచెట్ల మలుపు తిరిగేసరికి వెంకటప్పయ్య వీపు కనపడింది. చెయ్యి పైకి లేచి ఉంది. విసురుగా కిందికి దిగింది.

"బాబాయి గారూ!"

కేక గాలికి కొట్టుకుపోయింది. ఆయన వంగి లేచాడు, చెయ్యి మళ్లీ పైకెత్తాడు. నజీమా వెళ్లి ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని వేలాడింది. పిడికిట్లో మట్టిగడ్డ ఉంది. కర్ర గడ్డిలో పడి ఉంది. కుక్క మాత్రం ఎక్కడా లేదు.

"చంపేశారా?"

ఆయన ఇటు తిరిగాడు. అరవై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. అవతలి ఒడ్డుకేసి చూపించాడు. అక్కడ టైగర్, ముద్దగా తడిసి, కాళ్ల మధ్య తోక పెట్టుకుని ఇటే చూస్తోంది.

"చంపుదామనే తెచ్చానమ్మాయ్. చెయ్యి రాలా. కళ్లు తెరవనప్పట్నించీ పాలు పట్టి పెంచాను దాన్ని. వంతెన మీంచి తీసుకెళ్లి అవతల వదిలేశా. ఈదుకుంటా వచ్చేస్తానంటే గడ్డలేసి తోలుతున్నా. మీకేమో చంపేశానని చెబుదామనుకున్నా. అబద్ధమాడబోయాను, నన్ను క్షమించు తల్లీ."

నజీమాకి కోపం తన్నుకొచ్చింది. ఈ పెద్దమనిషి మర్యాద తన బిడ్డ పొట్టలో పద్నాలుగు సూదులు దించి ఉండేది!

"అది బతికుండాలండీ! పది రోజులు మన కళ్లెదుట బతికుంటేనే నా పిల్లకి గండం తప్పినట్టు. డాక్టరు చెప్పాడు. పిలవండి దాన్ని!"

ఆయన మొహం పాలిపోయింది. "టైగర్! రారా! రా నాయనా!"

అది ఒకడుగు ముందుకేసింది. ఆగింది. రెండడుగులు వెనక్కేసింది. దాని వెనక చెరుకుతోట మనిషెత్తున ఉంది. అందులో దూరితే ఇంకెవరు పట్టాలి? వంతెన చుట్టూ తిరిగి వెళ్లేలోపు ఏ ఊరు పోతుందో!

"ముందు ఆ చేతిలోది పారెయ్యండి!" అని అరిచింది నజీమా.

వెంకటప్పయ్య తన పిడికిలి వంక తెల్లబోయి చూసుకున్నాడు. గడ్డ వదిలేశాడు. అది కిందపడిందో లేదో, టైగర్ కాలవలోకి దూకింది.

పిచ్చి పట్టిన కుక్క నీళ్లలో దూకుతుందా? నజీమాకి కాస్త ధైర్యమొచ్చింది. అంతలోకే నీళ్లు దాన్ని కిందికి లాగేశాయి. తల మునిగింది, తేలింది, మళ్లీ మునిగింది. కిందుగా లాకుల తలుపుల మీంచి దూకే నీళ్ల హోరు వినపడుతోంది. నజీమా గట్టు వెంట దానితో సమంగా పరిగెత్తింది, పెద్దాయన వెనకబడిపోయాడు. లాకులు కనపడేసరికి ఆమె ఇంక ఆగలేదు. జర్రున జారి నడుములోతు నీళ్లలోకి దిగి, ఒక చేత్తో గట్టు మీది తుంగ పట్టుకుని రెండో చెయ్యి చాచింది. మెడ మీది తోలు దొరికింది. కరిచిన నోరు ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. అయినా వదల్లేదు. బలమంతా పెట్టి గట్టు మీదికి లాగింది.

వెంకటప్పయ్య రొప్పుకుంటూ వచ్చాడు. ఆయన్ని చూడగానే టైగర్ వణికిపోతూ నజీమా తడిచీర వెనక్కి దూరింది. చాచిన చెయ్యి అలాగే ఉంచి ఆయన నిలబడిపోయాడు.

"నామీద నమ్మకం పోయింది దానికి" అన్నాడు. మళ్లీ తనే, "జడిసిన కుక్క అమ్మాయ్. చెయ్యి తీసెయ్. కరుస్తుంది" అన్నాడు.

నజీమా చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి కూడా దాని మెడ చుట్టూ వేసి దగ్గరికి లాక్కుంది.

"కరిస్తే కరవనీండి బాబాయి గారూ. పారిపోకుండా ఉంటే చాలు."