పద్నాలుగో హోల్ దగ్గర చాయ్

“నర్మదా, చాయ్!” అని కిష్టవ్వ కేకేసేసరికి కోడలు పద్నాలుగో హోల్ దగ్గర బంతి ముందు నిలబడి ఉంది. మనసులోనే లెండి. మనిషి మాత్రం నాంపల్లి స్టేషన్ వెనక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో, పొయ్యి దగ్గరుంది. గోల్ఫ్ ఆటకు పద్దెనిమిది హోళ్లు, అంటే బంతిని కర్రతో కొట్టి వరసగా పడెయ్యాల్సిన గుంటలు. పొద్దున అయిదింటికి ఇల్లూడుస్తూ మొదటిదానికి బంతి కొడుతుంది. బోళ్లు తోమేటప్పటికి ఆరోది, పిండి పిసికేటప్పటికి పదోది, కూతురు లహరి డబ్బాలోకి చపాతీలు కాల్చేటప్పటికి పదమూడోది. సరిగ్గా ఆరింటికి అత్త లేస్తుంది. ఆ కేకతో బంతి ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత భర్త రత్నాకర్ చొక్కా ఇస్త్రీ, లహరి జడ, అత్త బీపీ గోలీ. ఇక ఆట ఊసెక్కడిది?

నాంపల్లి సందులో ఈవిడకు గోల్ఫ్ ఏమిటీ అని మీరూ అంటారు. అనండి, రత్నాకర్ పదమూడేళ్లుగా అంటూనే ఉన్నాడు. నర్మద తండ్రి రాజనర్సు పాలమూరు వైపు నుంచి వచ్చి నగరం చివర గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే పనికి కుదిరాడు. సోమవారం మెంబర్లు రారు, ఆ రోజు పనివాళ్ల పిల్లలు ఆడుకోవచ్చు. ఎవరో పారేసిన గోల్ఫ్ కర్రకు బట్ట చుట్టి తొమ్మిదేళ్ల కూతురి చేతికిచ్చాడాయన. ఆట సంగతి తర్వాత, ముందు ఆ పిల్లకు నచ్చింది అక్కడి మర్యాద. బంతి ముందు ఎవరు నిలబడినా సరే, చుట్టూ ఉన్నవాళ్లు మాట ఆపేస్తారు, అడుగు కదపరు, దగ్గొచ్చినా ఆపుకుంటారు. ఓ సోమవారం దారితప్పి వచ్చిన ఓ పెద్దమనిషి, ఆ పిల్ల కర్ర ఎత్తడం చూసి, చెవి దగ్గరి ఫోన్ దించి నోరు మూసుకుని నిలబడ్డాడు. గడ్డి కోసేవాడి కూతురి కోసం! అబ్బ, ఆ నిశ్శబ్దం! పెళ్లయ్యాక నర్మదకు ఇంట్లో అన్నీ ఎంతోకొంత దొరికాయి గానీ అది మాత్రం దొరకలేదు. పోటీల్లో గెలిస్తే ఇచ్చే కప్పు మీద ఆమెకంత ఆశ లేదు. తనను ఎవరూ పిలవని ఆ అర నిమిషం కోసం ప్రాణం కొట్టుకుంటుంది. ఆబిడ్స్‌లో టైపింగ్ ఉద్యోగానికి సెలవు పెట్టి నెలకో సోమవారం మైదానానికి వెళ్లి, లహరి బడి వదిలేలోగా సగం ఆట ఆడి వస్తుంది. మిగతా రోజులన్నీ ఈ వంటింటి ఆటే.

ఏడాదికోసారి అదే మైదానంలో, ఆటతో డబ్బు సంపాదించని ఆడవాళ్లకు అమెచ్యూర్ పోటీ జరుగుతుంది. పోయినేడూ, అంతకుముందేడూ పదమూడో హోల్ దాకా నర్మదే ముందు. పద్నాలుగో దగ్గర నిలబడగానే వెనక నుంచి ఎవరో పిలవబోతున్నట్టు వీపు బిగుసుకుపోయింది. రెండుసార్లూ బంతి వెళ్లి నీటిగుంటలో పడింది, అక్కణ్ణించి ఆటంతా చెదిరింది. “గది పెద్దోళ్ల ఆట. మనకేంది చెప్పు? పైసల్ రావు, ఇల్లు ఆగమైతది,” అన్నాడు రత్నాకర్. ఈసారి పోటీ ఆదివారమని తెలిశాక ఇంకో మాట కలిపాడు. “గీ ఆదివారం గూడ గట్లనే అయితే కర్రలు తీస్కపోయి చాదర్‌ఘాట్ల పాత సామాన్లోనికి ఇచ్చేస్త. మల్ల ఊసెత్తొద్దు.” నవ్వుతూనే అన్నాడు. డిగ్రీ చివరి ఏడాది పరీక్ష ఫీజు కట్టబోతుంటే “ఇంకెందుకే సదువు” అన్నదీ నవ్వుతూనే. ఆ పరీక్ష ఆమె రాయలేదు.

శనివారం సాయంత్రం ఆఫీసు వదిలి ఆబిడ్స్ చెప్పుల దుకాణాల ముందు నడుస్తుంటే తండ్రి ఫోన్ చేశాడు.

“రోజూ నెత్తిల ఆడుతున్నవా బిడ్డా?”

“ఔ నాయినా. ఒక్క రోజు తప్పలే.”

“మొత్తం ఆడుతున్నవా?”

నర్మద ఆగిపోయింది. వెనక వస్తున్నావిడ విసుక్కుంటూ పక్కనుంచి వెళ్లింది.

“ఏంది, మాట్లాడవేంది? యాడిదాంక ఆడుతవ్?”

“పద్నాలుగుదాంక.”

“ఆ తర్వాత?”

“అత్తమ్మకు చాయ్.”

“మరి ఎన్నడు పోని తొవ్వల రేపెట్ల నడుస్తవే?” అన్నాడు రాజనర్సు మెల్లగా.

ఫోన్ పెట్టేశాక నర్మదకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండేళ్లుగా తనను తాను ఎన్నిసార్లు తిట్టుకుంది! పిరికిదాన్ననుకుంది, రత్నాకర్ చెప్పిందే నిజమనుకుంది. పదమూడు హోళ్ల దగ్గర లేని పిరికితనం పద్నాలుగో దగ్గర ఎలా పుడుతుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. ఆలోచించడానికి మాత్రం తీరికేదీ?

ఇంటి సందులోకి తిరగాల్సిన కాళ్లు పబ్లిక్ గార్డెన్ వైపు నడిచాయి. ఓ సిమెంటు బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకుంది. పదమూడూ అలవాటైన దారే. పద్నాలుగో దగ్గర కర్ర ఎత్తగానే ఫోన్ మోగింది. రత్నాకరే, ఇంకెవరు? చెయ్యి దానంతటదే సంచీలోకి పోయింది. అప్పుడు నాయిన నేర్పింది గుర్తొచ్చింది. మధ్యలో ఎవరైనా కదిలిస్తే ఆ దెబ్బ కొట్టొద్దు, వెనక్కి జరుగు, ఊపిరి తీసుకో, మళ్లీ మొదట్నుంచి నిలబడు. వెనక్కి జరిగింది. మళ్లీ మోగింది. మళ్లీ జరిగింది. అయిదోసారి మోగి ఊరుకున్నాక కొట్టింది. బంతి నీళ్లు దాటి గడ్డి మీద పడింది.

పదిహేనో హోల్ ఎలా ఉంటుందో ఎంతకీ తట్టలేదు. ఎన్నేళ్లయిందో అక్కడికి తలలో వెళ్లి! పోయిన పోటీల్లో అక్కడ ఆడినా, చెదిరిన మనసుకు ఏదీ పట్టలేదు. వెతగ్గా వెతగ్గా ఒక వేపచెట్టు కనిపించింది, దాని కింద నాయిన నీళ్ల డబ్బా, ఆ నీళ్లు తాగిన చిన్నప్పటి తను. ఆ పిల్ల వెంటే పదహారుకు, పదిహేడుకు వెళ్లింది. పద్దెనిమిదో దగ్గర మెల్లగా తోసిన బంతి హోల్‌లో పడిన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది. చెంపలు తుడుచుకుని లేచింది.

ఇంటి గడపలోనే రత్నాకర్ ఎదురయ్యాడు. వెనక మంచం మీద కిష్టవ్వ మూతి ముడుచుకుని కూర్చుంది.

“ఫోనెందుకు ఎత్తవ్? అమ్మ చాయ్ టైం దాటి గంటైంది. ఎటు పోయినవ్?”

నర్మద చెప్పులు విడిచి, మూలనున్న కర్రల సంచీ తీసి తలుపు పక్కన పెట్టుకుంది.

“పద్దెనిమిదోదాంక పోయొచ్చిన. రేపు పొద్దుగాల పోయే ముందు ఇంకోసారి ఆడాలె. నేను కండ్లు మూసుకున్నంక నన్ను ఎవ్వరు పిలువొద్దు,” అంది. “చాయ్‌పత్తి ఎర్ర డబ్బల ఉంటది.”