తడపకముందు చింపిన పీలిక

దగ్గరికి రండి అమ్మలూ, నా మోకాలి పక్కనే కూర్చోండి. మా అక్క రోడ్డున పడబోయిన కథ ఇది.

అక్క ఆసుపత్రి మంచాల మధ్య వేలాడే తెరలు కుట్టేది. గుడ్డ ఇచ్చేదీ, మేముండే కుట్టుగది అద్దెకిచ్చిందీ ఒక్కడే, కాంట్రాక్టరు. మూడు మూరల వెడల్పు గుడ్డ అతనివ్వాలి, అదే వెడల్పున తెరలు మేం కుట్టాలి. అదీ ఒప్పందం.

గుడ్డ రాగానే నానబెట్టడం మా అలవాటు. దానికి ముందు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా ఒక పీలిక చింపి మేకుకు తగిలించేవాళ్లం, ఆరాక ఎంత కుంచించుకుపోయిందో పోల్చడానికి. ఈసారి పీలిక చింపింది నేనే. కొలవలేదు. ఆరిన గుడ్డ చూసి అక్క, "మరీ ఇంత కుంచించుకుపోయిందేంటే?" అంది. గడువు తరుముతోంది, పోల్చే తీరిక లేదు. ఉన్నంతలో కుట్టేసింది. తెరల్ని నాలుగు మూటలు కడుతుంటే తాడు చాలక చివరిదానికి ఆ పీలికే కట్టాను.

వెడల్పు చాలక తెరలు కలవడం లేదని ఆసుపత్రి వాళ్లు నాలుగు మూటలూ కాంట్రాక్టరుకి తిప్పి పంపారు. మాది ఉల్లంఘన అంటూ అతని నుంచి మాకు నోటీసు వచ్చింది. ప్లీడరు దగ్గరికి పరిగెత్తాం.

"ఉల్లంఘన అంటే ఏంటి బాబూ?" అని అడిగింది అక్క.

"ఒప్పుకున్నట్టు చెయ్యకపోవడం అమ్మా. అందుకని ఒప్పందం రద్దంటున్నాడు. నష్టపరిహారం కింద మిషన్లు అప్పగించి, పది రోజుల్లో గది ఖాళీ చెయ్యమంటున్నాడు."

అక్క నేలమీద కూలబడింది. "మిషన్లు పోతే ఏం తిని బతకాలి బాబూ?"

"గుడ్డ వచ్చినప్పుడే తక్కువుంటే, ముందు తప్పింది అతనే. ఉల్లంఘన అతనిదవుతుంది. కానీ తడిపేశారుగా! మీరే కుంచింపజేశారంటాడు."

అక్క నావైపు తిరిగింది. "పీలికేదే?"

"మూటకి కట్టానక్కా."

"నా కొంప ముంచావు కదే!"

ఆ మూటలు ఇప్పుడు అతని గోదాములో ఉన్నాయి. సరుకు చూడాలని ప్లీడరు కబురు పెడితే, రెండు రోజులాగి రమ్మన్నాడు. ఆ రెండు రోజులూ అక్క మెతుకు ముట్టలేదు, మిషను చక్రం మీంచి చెయ్యి తియ్యలేదు.

ప్లీడరుతో గోదాముకి వెళ్తే కాంట్రాక్టరు మూటలు దింపించాడు. "కుట్టడం రానోళ్లకి ప్లీడర్లు కూడానా?" అని నవ్వాడు. మూడింటికి తాళ్లు. నాలుగోదానికి నా పీలిక! ముడి రాకపోతే అక్క పళ్లతో లాగింది. బల్లమీద కొలిస్తే రెండున్నర మూరలే.

"అర మూర చింపేసి నాటకాలా?" అన్నాడు.

"రెండు కొసలా మగ్గం అంచు చూడన్నయ్యా, చింపితే ఉంటుందా? ఇంతే వెడల్పున నేశారు," అంది అక్క.

"దీన్నీ తడిపుంటావు!"

అక్క పీలికను అతని చెవి దగ్గర నలిపింది. కొత్త గుడ్డకుండే గంజి పెళపెళమంది. "తడిస్తే గంజి నిలుస్తుందా?"

గుడ్డ తక్కువిచ్చింది తనేనని తేలేసరికి అతని నవ్వు ఆగింది. నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు అక్కడే రాసిచ్చాడు. అక్క మాత్రం నవ్వలేదు. గదికొచ్చి మిషను మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్చిపోకండి అమ్మలూ. మిమ్మల్నెవరైనా మాట తప్పావని నిలదీస్తే, ముందు తప్పిందెవరో అడగండి. మీ పిల్లలకూ ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు, పీలిక కొలవని పిల్ల నేనేనని దాచకండి.